ఫుట్‌బాల్‌లో మార్చాల్సింది రూల్సా, కెమెరాలా? వీఏఆర్ మీద మన సీమ వాళ్ల చర్చ

సీమ_రెఫరీ (అనంతపురం)
అందరికీ నమస్కారం. అనంతపురం చుట్టుపక్కల స్కూల్, కాలేజీ, క్లబ్ మ్యాచ్‌లకు రెఫరీగా వెళ్తుంటాను. ఈ మధ్య అండర్-14 పిల్లలు కూడా నా నిర్ణయం నచ్చకపోతే రెండు చేతులతో గాలిలో టీవీ బొమ్మ గీసి చూపిస్తున్నారు. ఆ సైగ అతిగా చేస్తే ఎల్లో కార్డ్ ఇవ్వాలని రూల్స్‌లోనే ఉంది, అది వాళ్లకు తెలీదు. అంతగా వీఏఆర్, అంటే వీడియో గదిలో కూర్చున్న రెఫరీలు రీప్లే చూసి గ్రౌండ్ రెఫరీకి చెప్పే పద్ధతి, మన మైదానాల దాకా వచ్చేసింది, ఒక్క కెమెరా కూడా రాకుండానే.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. కొలిస్తే తేలే విషయాలను కెమెరాకు ఇచ్చేయాలి: బంతి గీత దాటిందా, ఆటగాడు ఆఫ్‌సైడ్‌లో ఉన్నాడా (పాస్ తన్నిన క్షణానికి అవతలి టీమ్‌లో చివరి నుంచి రెండో ఆటగాణ్ణి దాటి గోల్‌కు దగ్గరగా ఉన్నాడా), కార్డు చూపించింది సరైన మనిషికేనా. కొలతకు అందనివి, అంటే తోపు గట్టిదా కాదా, చెయ్యి కావాలని పెట్టాడా లేదా, ఇవి మైదానంలో నిలబడిన రెఫరీ చేతిలోనే ఉండాలి. ఈ రెండింటినీ ఒకే గదిలో కూర్చున్న వీడియో రెఫరీల ముందు పెట్టినందుకే ఇంత గొడవ.

2018 మార్చిలో ఫుట్‌బాల్ రూల్స్ రాసే సంస్థ ఐఫాబ్ వీఏఆర్‌ను రూల్స్‌లోకి తెచ్చినప్పుడు నాలుగు సందర్భాలకే పరిమితం చేసింది: గోల్, పెనాల్టీ, నేరుగా ఇచ్చే రెడ్ కార్డ్, ఒకరి బదులు ఇంకొకరికి కార్డు ఇవ్వడం. అది కూడా "స్పష్టంగా, నిస్సందేహంగా" తప్పు జరిగితేనే. ఆ షరతు మంచిదే. కానీ పెనాల్టీ విషయంలో స్పష్టమైన తప్పు ఏదో, కానిది ఏదో ఎవరు తేల్చాలి? అదీ మళ్లీ ఇంకో మనిషి అభిప్రాయమే కదా.

మీరేమంటారు?

కడప_లెఫ్ట్‌వింగ్ (కడప)
అన్నా, మీరు చెప్పేది బాగానే ఉంది గానీ, కొలతకు వచ్చేవి కెమెరాకు ఇచ్చినా మనుషులు చెడగొడతారు. 2023 సెప్టెంబర్ 30న ఇంగ్లాండ్ ప్రీమియర్ లీగ్‌లో టోటెన్‌హామ్ మీద లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ గోల్ గుర్తుందా? ఆన్‌సైడ్‌లోనే ఉన్నాడు. లైన్స్‌మన్ ఫ్లాగ్ ఎత్తాడు, గ్రౌండ్‌లో గోల్ ఇవ్వలేదు. వీడియో గదిలో ఉన్న ఆయనేమో గ్రౌండ్‌లో గోల్ ఇచ్చారనుకుని "చెక్ కంప్లీట్" అన్నాడు. అంటే సరిగ్గానే చూశాడు, సరైన జవాబే మనసులో ఉంది, బయటికి మాత్రం తప్పు నిర్ణయం పోయింది. క్షణాల్లో ఆట మళ్లీ మొదలైంది. మొదలైపోయాక ఆపే వీలు లేదని వదిలేశారు. లివర్‌పూల్ 2-1తో ఓడింది. తర్వాత రెఫరీల సంస్థ మానవ తప్పిదం అని ఒప్పుకుని ఆడియో కూడా బయట పెట్టింది. నేను లివర్‌పూల్ అభిమానిని కాబట్టి చెప్పట్లేదు. ఆ ఆడియో వింటే ఎవరికైనా కడుపు మండుతుంది.

సీమ_రెఫరీ
తమ్ముడూ, ఆ ఆడియో నేను రెఫరీల క్లాసులో వినిపిస్తుంటాను. అక్కడ దెబ్బతిన్నది మాట తీరు. "గ్రౌండ్ నిర్ణయం ఆఫ్‌సైడ్, నేను చూస్తే ఆన్‌సైడ్, గోల్ ఇవ్వండి" అని పూర్తి వాక్యం చెప్పి ఉంటే ఏ గొడవా లేదు. కెమెరా తన పని తాను చేసింది.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)
నేను వయసులో మీ అందరికన్నా పెద్దవాణ్ణి అనుకుంటా. దూరదర్శన్‌లో 1986, 1990 ప్రపంచ కప్‌లు రాత్రుళ్లు మేలుకుని చూసిన తరం. నాకు వీఏఆర్ అక్కర్లేదు. పూర్తిగా తీసేయాలి.

కారణం చెప్తాను. ఫుట్‌బాల్‌లో గోల్ పడటమే అరుదు. పడినప్పుడు ఆ కేక కోసమే గంటన్నర కూర్చుంటాం. ఇప్పుడు గోల్ పడ్డాక అందరూ రెఫరీ చెవి వైపు చూస్తున్నారు, చెవి మీద వేలు పెట్టాడా లేదా అని. కేక గొంతులోనే ఉండిపోతోంది. 2022లో ఖతార్ ప్రపంచ కప్ మొదటి మ్యాచ్‌లో మూడో నిమిషానికే ఎన్నెర్ వాలెన్సియా గోల్ కొట్టాడు. ఈక్వెడార్ వాళ్లు సంబరాలు చేసుకున్నాక ఆఫ్‌సైడ్ అన్నారు. ఎవరి కాలు ఎక్కడ ఉందో చాలామందికి బొమ్మ చూపించినాక కూడా అర్థం కాలేదు.

మారడోనా 1986లో చేత్తో కొట్టిన గోల్ అన్యాయమే, కాదనను. కానీ నాలుగు నిమిషాల తర్వాత అదే మనిషి సగం మైదానం దాటుకుంటూ కొట్టిన గోల్‌ను ఎవరి చెక్కూ లేకుండా చూశాం. ఆ హాయి మీ తరానికి లేదు.

స్వీడన్ వాళ్లను చూడండి. అక్కడ క్లబ్బుల్లో సగానికి పైగా ఓటు హక్కు అభిమానులైన సభ్యులదే. ఆ సభ్యులు వద్దన్నారు, వీఏఆర్ రాలేదు. ఆట మునిగిపోయిందా?

పీఈటీ_మేడం (కళ్యాణదుర్గం)
కొండారెడ్డి సార్, నమస్తే. హైస్కూల్ అమ్మాయిల టీమ్‌కు కోచింగ్ ఇస్తుంటాను. మీ బాధ అర్థమవుతోంది. కానీ 2024 జూన్ 11న దోహాలో మన దేశానికి జరిగింది చూశాక వద్దు అనే మాట నా నోట రాదు సార్.

ఆ గోల్‌ను మా పిల్లలకు బోర్డు మీద గీసి చూపించాను. ఖతార్‌తో ప్రపంచ కప్ క్వాలిఫయర్స్ రెండో రౌండ్ మ్యాచ్ అది. ఛాంగ్టే గోల్‌తో మనం 1-0 ముందున్నాం. 73వ నిమిషంలో ఖతార్ వాళ్ల హెడర్‌ను మన కీపర్ గుర్‌ప్రీత్ ఆపాడు. బంతి పోస్ట్ పక్క నుంచి గోల్ లైన్ దాటి బయటికి పోయింది. మనవాళ్లు కార్నర్ అనుకుని ఆగారు. ఖతార్ ఆటగాడు ఒకడు బయట ఉన్న బంతిని కాలితో లోపలికి లాగాడు, యూసుఫ్ ఐమన్ గోల్‌లోకి నెట్టేశాడు. రెఫరీ లైన్స్‌మన్‌తో మాట్లాడి గోల్ ఇచ్చేశాడు. ఆ రౌండ్‌లో వీఏఆర్ లేదు. చివరికి 2-1తో ఓడిపోయాం. ఆ మ్యాచ్ గెలిచి ఉంటే ప్రపంచ కప్ క్వాలిఫయర్స్‌లో మూడో రౌండ్‌కు వెళ్లేవాళ్లం. మన దేశం అక్కడిదాకా ఎప్పుడూ వెళ్లలేదు.

ఇది అభిప్రాయం కాదు కదా సార్? బంతి బయట ఉంది. ఫోన్లో తీసిన వీడియోలోనైనా కనిపించేంత బయట ఉంది.

సీమ_రెఫరీ
మేడం, సరిగ్గా అదే. ఇక్కడ ఒక విషయం చాలామంది మర్చిపోతారు. బంతి మొత్తం గీత దాటితేనే అవుట్. గీత మీద గాలిలో అంచు మిగిలినా ఆటలో ఉన్నట్టే. 2022లో స్పెయిన్ మీద జపాన్ రెండో గోల్ అలాంటిదే. మితోమా కాలితో వెనక్కి లాగిన బంతి టీవీలో చూస్తే బయట ఉన్నట్టే ఉంది, పైనుంచి చూస్తే రెండు మిల్లీమీటర్ల కన్నా తక్కువ గీత మీద ఉంది. ఆ గోల్ నిలబడింది, జపాన్ గ్రూప్‌లో మొదటి స్థానంలో నిలిచింది, అదే గ్రూప్‌లో ఉన్న జర్మనీ ఇంటికి పోయింది. అక్కడ కెమెరా లేకపోతే ఏ లైన్స్‌మన్ అయినా ఫ్లాగ్ ఎత్తేవాడే. దోహాలో కెమెరా ఉంటే మన గోల్‌పోస్ట్‌లో ఆ గోల్ పడేదే కాదు. రెండు చోట్లా న్యాయం చేయగలిగేది అదే కొలత.

డీఆర్‌ఎస్_అనంత (అనంతపురం)
నేను క్రికెట్ మనిషిని. 2024లో మన ఆర్డీటీ స్టేడియంలో దులీప్ ట్రోఫీ జరిగినప్పుడు వెళ్లినవాణ్ణి, అదే ఊపులో పక్కన ఫుట్‌బాల్ కూడా చూడటం మొదలుపెట్టా. క్రికెట్‌లో డీఆర్‌ఎస్ మొదటి ప్రయోగం 2008లో శ్రీలంకలో, మనతో సిరీస్‌లోనే. మన బోర్డు ఏళ్ల తరబడి వద్దంది, 2016లో ఒప్పుకుంది. ఇప్పుడు అది లేకుండా మ్యాచ్ ఊహించలేం. ఫుట్‌బాల్‌లో కూడా కెప్టెన్‌కో కోచ్‌కో రెండు అవకాశాలు ఇచ్చేస్తే సరిపోదా? అడిగితేనే చూడాలి. అడక్కపోతే ఆట సాగిపోవాలి.

బెంగళూరు_అనంతోడు
అలాంటిది ఉంది బ్రో. ఫుట్‌బాల్ వీడియో సపోర్ట్ అంటారు. వీడియో గది ఉండదు, అందులో ప్రత్యేక రెఫరీలు ఉండరు. కోచ్‌కు మ్యాచ్‌కు రెండు అవకాశాలు. అడగాలంటే వేలు గాలిలో గుండ్రంగా తిప్పి, నాలుగో అధికారికి కార్డు ఇస్తాడు. రెఫరీ స్వయంగా గ్రౌండ్ పక్కన మానిటర్‌లో చూసుకుంటాడు. కోచ్ మాట నిజమైతే ఆ అవకాశం మిగులుతుంది, కాకపోతే పోతుంది. 2024లో కొలంబియాలో అమ్మాయిల అండర్-20 ప్రపంచ కప్‌లో వాడారు. తక్కువ కెమెరాలున్న చోట్ల కోసమే చేసింది.

మనకు కావాల్సింది అదే అని నా గట్టి నమ్మకం. పెద్ద వీఏఆర్ మన లీగ్‌లకు అందేది కాదు. 2023 మార్చి 3న కంఠీరవ స్టేడియంలో బెంగళూరు, కేరళ మ్యాచ్‌కు నేను ఉన్నా. ఎక్స్‌ట్రా టైమ్‌లో బెంగళూరు ఆటగాడు ఛెత్రీ ఫ్రీ కిక్ త్వరగా తన్నేశాడు, కేరళ కీపర్ ఇంకా వాల్ (అడ్డుగా నిలబెట్టే ఆటగాళ్ల వరుస) సర్దుతున్నాడు. రెఫరీ గోల్ ఇచ్చేశాడు. కేరళ కోచ్ వుకోమనోవిచ్ టీమ్ మొత్తాన్ని మైదానం నుంచి తీసుకెళ్లిపోయాడు. స్టాండ్స్‌లో మాకు ఏం జరుగుతోందో తెలీలేదు, పక్కవాళ్లు ఫోన్లలో వెతుక్కుంటున్నారు. తర్వాత కేరళకు 4 కోట్ల జరిమానా పడింది, కోచ్‌కు 10 మ్యాచ్‌ల నిషేధం. అప్పుడు కోచ్ చేతిలో ఒక కార్డు ఉండి ఉంటే? అడిగేవాడు, రెఫరీ చూసేవాడు, కాదంటే కాదని చెప్పేవాడు. మనిషికి అడిగే దారి ఉంటే బయటికి నడిచేంత దూరం పోడు.

సీమ_రెఫరీ
అక్కడ ఒక్క మాట. త్వరగా తన్నే ఫ్రీ కిక్ రూల్ ప్రకారం తప్పు కాదు. రెఫరీ విజిల్ చూపించి "ఆగు" అని చెప్తేనే విజిల్ కోసం ఆగాలి. కాబట్టి అక్కడ తేలాల్సింది రెఫరీ ఆగమన్నాడా లేదా అన్నది. వీడియోలో చూసినా అది బంతి గీత దాటినంత తేలిగ్గా తేలదు. అడిగే దారి ఉండాలన్న మీ మాటతో మాత్రం నేను పూర్తిగా ఏకీభవిస్తున్నా.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)
ఆ కోచ్ కార్డు పద్ధతి గురించి నాకు తెలీదు. అది కొంచెం నయంగానే ఉంది. కానీ ఒక భయం. 88వ నిమిషంలో గెలుస్తున్న టీమ్ కోచ్ టైమ్ తినడానికే కార్డు వాడడా?

బెంగళూరు_అనంతోడు
వాడతాడు సార్. ఆ టైమ్ చివర్లో కలిపి ఇస్తే సరి. ఖతార్ ప్రపంచ కప్‌లో వృథా అయిన టైమ్‌ను ఉన్నదున్నట్టు లెక్క పెట్టడం మొదలుపెట్టారు కదా, ఇంగ్లాండ్, ఇరాన్ మ్యాచ్‌లో రెండు హాఫ్‌లకూ కలిపి దాదాపు 27 నిమిషాలు అదనంగా ఆడించారు. అలా కలిపితే తినడానికి టైమే మిగలదు.

ఎనిమిది_సెకన్లు (జేఎన్‌టీయూ, అనంతపురం)
నేను కాలేజీ టీమ్ కీపర్‌ని. అందరూ కెమెరాల గురించే మాట్లాడుతున్నారు, నాకు మాత్రం రూల్ మారిస్తేనే ఆట మారుతుందనిపిస్తోంది. నా పేరే దానికి సాక్ష్యం.

ఇంతకుముందు కీపర్ బంతిని చేతిలో 6 సెకన్లకు మించి పట్టుకోకూడదు. పట్టుకుంటే పెనాల్టీ బాక్స్ లోపల ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్ (నేరుగా గోల్ కొట్టే వీలు లేని ఫ్రీ కిక్). శిక్ష మరీ పెద్దది, గోల్ ముందు అంతమంది గుమిగూడతారు. అందుకే ఏ రెఫరీ ఇచ్చేవాడు కాదు. మేం హాయిగా బంతి మీద పడుకుని లేచేవాళ్లం. 2025 జూలై నుంచి 8 సెకన్లు చేశారు, శిక్షను కార్నర్‌కు తగ్గించారు. చివరి ఐదు సెకన్లు రెఫరీ చెయ్యెత్తి వేళ్లతో లెక్క పెడతాడు. టైమ్ పెంచారు, శిక్ష తగ్గించారు, కానీ ఇప్పుడు నాకు నిజంగా టెన్షన్ పుడుతోంది. ఆ చెయ్యి కనిపించగానే లేచి బంతి విసిరేస్తున్నా. దీనికి ఒక్క కెమెరా కావాలా? మన ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో కూడా రేపటి నుంచే అమలు చేయొచ్చు.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)
శభాష్! ఇదీ సంస్కరణ అంటే. 1990 ప్రపంచ కప్ చూసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా. 52 మ్యాచ్‌లకు 115 గోల్స్. ప్రపంచ కప్‌లలో అంత తక్కువ సగటు ఇంకెప్పుడూ లేదు. ఒక్క గోల్ కొట్టి, బంతిని వెనక్కి కీపర్‌కు ఇవ్వడం, ఆయన చేత్తో పట్టుకోవడం, మళ్లీ డిఫెండర్‌కు దొర్లించడం, మళ్లీ వెనక్కి. అర్ధరాత్రి నిద్ర ఆపుకుని అది చూశాం. 1992లో కాలితో ఇచ్చిన బ్యాక్‌పాస్‌ను కీపర్ చేత్తో పట్టకూడదని ఒక్క వాక్యం చేర్చారు. దాంతో కీపర్లు కాళ్లతో ఆడటం నేర్చుకున్నారు, ఇవాళ్టి ఆట అంతా అక్కడి నుంచే వచ్చింది.

పీఈటీ_మేడం (కళ్యాణదుర్గం)
అయితే హ్యాండ్‌బాల్ రూల్ కూడా ఎవరైనా అలా ఒక్క వాక్యంలో రాసిపెట్టండి. నేను నేర్పలేక చస్తున్నాను.

2019లో అటాకింగ్ టీమ్ వాళ్ల చేతికి పొరపాటున తగిలి గోల్ పడినా చెల్లదన్నారు. 2021లో మళ్లీ సడలించారు: గోల్ కొట్టినవాడి చేతికే తగిలితే చెల్లదు, తోటి ఆటగాడి చేతికి పొరపాటున తగిలి అది గోల్‌కు దారి తీస్తే పర్వాలేదు. మధ్యలో చెయ్యి ఎక్కడ మొదలవుతుందో కూడా చెప్పాల్సి వచ్చింది, చంక కింది అంచు నుంచి అని. డిఫెండర్ విషయంలోనేమో "శరీరాన్ని అసహజంగా పెద్దది చేస్తే" హ్యాండ్‌బాల్. ఏది సహజం?

మా అమ్మాయిలు టీవీలో డిఫెండర్లను చూసి చేతులు రెండూ వెనక్కి కట్టుకుని బాక్స్‌లో పరిగెత్తుతున్నారు. చేతులు వెనక్కి కట్టుకుంటే మనిషి తిరగలేదు, ఎగరలేదు. పోయిన సీజన్‌లో ఒక పిల్ల అలాగే పక్కకు తిరగబోయి బోర్లా పడింది, గడ్డం చీరుకుపోయింది. పన్నెండేళ్ల పిల్ల. ఆ రోజు నుంచి "చేతులు వదిలేసి పరిగెత్తండి, పెనాల్టీ ఇస్తే ఇవ్వనీ" అని చెప్తున్నాను. సహజంగా పరిగెత్తడం మానేస్తేనే సురక్షితం అనిపించే రూల్ మంచి రూల్ కాదు.

సీమ_రెఫరీ
మేడం మాట నా మనసులోది. 2018 ప్రపంచ కప్ ఫైనల్లో క్రొయేషియా ఆటగాడు పెరిసిచ్ చేతికి కార్నర్ బంతి తగిలింది, రెఫరీ పిటానా మానిటర్ దగ్గరికి వెళ్లి చూసి, మళ్లీ వెనక్కి వచ్చి చూసి పెనాల్టీ ఇచ్చాడు. గ్రీజ్‌మన్ కొట్టాడు, ఫ్రాన్స్ 4-2తో గెలిచింది. ఇవాళ్టికీ రెఫరీల్లో సగం మంది అది పెనాల్టీ అంటారు, సగం మంది కాదంటారు. అన్ని కెమెరాలున్నా తేలలేదు, ఎందుకంటే కెమెరా చెయ్యి ఎక్కడుందో చూపిస్తుంది, ఎందుకుందో చూపించదు. స్లో మోషన్‌లోనైతే ప్రతి స్పర్శా కావాలని చేసినట్టే కనిపిస్తుంది. చేతి విషయం, తోపుల విషయం మామూలు వేగంలో ఒక్కసారి చూసే వీలు రెఫరీకి ఉంటే చాలు.

నా ప్రతిపాదన: ఉద్దేశం ఉంటే, లేదా తగిలిన బంతి నేరుగా గోల్‌లోకి పోకుండా ఆగితే పెనాల్టీ. బాక్స్ మూలలో, గోల్‌కు పోని బంతి చేతికి తగిలితే ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్ చాలు. కీపర్ తమ్ముడు చెప్పినట్టు శిక్ష తప్పుకు తగ్గట్టు ఉంటే రెఫరీలు ధైర్యంగా ఇస్తారు.

కడప_లెఫ్ట్‌వింగ్ (కడప)
ఈ ప్రతిపాదన నాకు నచ్చింది అన్నా. మరి ఆఫ్‌సైడ్ సంగతి? బొటనవేలు ముందుందని గోల్ తీసేయడం న్యాయమా? ఆర్సెనల్ మాజీ కోచ్ వెంగర్ చెప్తున్నట్టు, అటాకర్ పూర్తిగా డిఫెండర్‌ను దాటి మధ్యలో ఖాళీ కనిపిస్తేనే ఆఫ్‌సైడ్ అంటే సరిపోతుంది కదా.

బెంగళూరు_అనంతోడు
అప్పుడు బొటనవేలి గొడవ మడమ గొడవ అవుతుంది, అంతే. గీతను ఎక్కడికి జరిపినా గీత దగ్గర గొడవ ఉంటుంది.

లెక్క చూడు. ఖతార్‌లో స్టేడియం కప్పు కింద 12 కెమెరాలు ఒక్కో ఆటగాడి ఒంటి మీద 29 చోట్లను సెకనుకు 50 సార్లు పట్టుకున్నాయి. బంతి లోపలి సెన్సార్ సెకనుకు 500 సార్లు సమాచారం పంపింది. అంటే తన్నిన క్షణం కచ్చితంగా తెలుస్తుంది. కానీ గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తేవాడు సెకనుకు 10 మీటర్లు పోతాడు. రెండు ఫ్రేముల మధ్య 20 సెంటీమీటర్లు జరుగుతాడు. మధ్యలో ఉన్నదాన్ని కంప్యూటర్ అంచనా కడుతుంది. అంచనా బాగానే ఉంటుంది, కాదనను, కానీ రెండు సెంటీమీటర్ల తేడాను తీర్పుగా చెప్పకూడదు. ప్రీమియర్ లీగ్ 2021-22లో వీడియో మీద ఆఫ్‌సైడ్ కొలిచే గీతలు మందం చేసి, సందేహం ఉంటే అటాకర్ వైపే మొగ్గింది. అలా కొంత వెసులుబాటును రూల్‌లోనే రాసెయ్యాలి. తేడా ఆ వెసులుబాటు లోపల ఉంటే గ్రౌండ్‌లో లైన్స్‌మన్ చెప్పిందే ఫైనల్.

సీమ_రెఫరీ
లైన్స్‌మన్ కష్టం కూడా ఒకసారి చెప్పనివ్వండి. చివరి నుంచి రెండో డిఫెండర్‌తో సమానంగా పక్కకు నడుస్తూ ఉండాలి. పాస్ ఇచ్చేవాడు నలభై మీటర్ల అవతల ఉంటాడు. వాడి కాలు బంతికి తగిలిన క్షణమే ఇక్కడ ఇద్దరి స్థానం చూడాలి. కళ్లు ఒక్కసారి రెండు చోట్ల ఉండవు. అందుకే మేం తన్నిన చప్పుడు చెవితో పట్టుకుని, కళ్లు గీత మీదే ఉంచడం నేర్చుకుంటాం. మన దగ్గర మధ్యాహ్నం గాలి మొదలైతే ఆ చప్పుడూ వినపడదు.

పైగా మన గీతలు. సున్నం పొడితో పొద్దున్నే వేస్తారు. గీత 12 సెంటీమీటర్లకు మించి వెడల్పు ఉండకూడదని రూల్. సెకండ్ హాఫ్‌కు స్టడ్స్ కింద పడి, గాలికి చెదిరి, గోల్ నోటి దగ్గర జానెడు తెల్లటి మరక మాత్రం మిగులుతుంది. అక్కడ బంతి దాటిందా లేదా అని అడిగితే, ముందు గీత ఎక్కడుందో తేల్చాలి. హాఫ్ టైమ్‌లో గోల్ లైన్‌కు మళ్లీ సున్నం వేయించమని ప్రతి నిర్వాహకుణ్ణీ బతిమాలుకుంటాను. చాలామంది వేయించరు.

డీఆర్‌ఎస్_అనంత (అనంతపురం)
మరి ఈ రూల్స్ మార్చేది ఎవరు? మన దేశానికి ఓటు ఉందా?

సీమ_రెఫరీ
ఐఫాబ్. 1886లో పెట్టారు. మొత్తం 8 ఓట్లు. ఇంగ్లాండ్, స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లాండ్‌లకు ఒక్కొక్కటి, ఫిఫాకు నాలుగు. మార్పుకు 6 కావాలి. మిగతా ప్రపంచమంతా ఫిఫా నాలుగు ఓట్ల వెనక ఉండాలి. ఇది మారాలి. ఆసియా నుంచి కనీసం ఒక ఓటు నేరుగా ఉండాల్సిందే.

పీఈటీ_మేడం (కళ్యాణదుర్గం)
ఇంకో సంగతి. 2023 అమ్మాయిల ప్రపంచ కప్‌లో రెఫరీలు మానిటర్ చూసి వచ్చి మైక్‌లో స్టేడియం అంతటికీ నిర్ణయం చెప్పారు. మా పిల్లలకు అది చాలా నచ్చింది. ఇందాక బెంగళూరు అన్న కంఠీరవ గురించి చెప్పింది చదివితే అదే గుర్తొచ్చింది. డబ్బులిచ్చి స్టాండ్‌లో కూర్చున్నవాడికి ఏం జరిగిందో చెప్పకపోవడం ఎందుకు? దీనికి పెద్ద ఖర్చు కూడా లేదు.

సార్, ఒక పని అడుగుతాను. వచ్చే నెల మా మండలం టోర్నమెంట్ ఉంది. రెండు గోల్ లైన్ల దగ్గర రెండు ఫోన్లు పెట్టి, కోచ్‌లకు ఒక్కో అవకాశం ఇవ్వొచ్చా?

సీమ_రెఫరీ
మేడం, అధికారిక మ్యాచ్‌లో వీడియో చూసి నిర్ణయం మార్చకూడదు. ఆ పద్ధతి వాడాలంటే ముందుగా ఫిఫా రాతపూర్వక అనుమతి ఉండాలి. ఫోన్ చూసి నేను గోల్ తీసేస్తే ఆ మ్యాచ్ ఫలితం మీదే ఫిర్యాదు వస్తుంది.

కానీ రికార్డ్ చేయడానికి అడ్డు లేదు. చిన్నపిల్లల మ్యాచ్ కాబట్టి తల్లిదండ్రులను, స్కూల్‌ను అడిగి ఒప్పుకున్నాకే తీద్దాం. మ్యాచ్ అయ్యాక మా రెఫరీలం కూర్చుని చూసుకుంటాం. టోర్నమెంట్‌కు ముందు మీ రెండు టీమ్‌ల మధ్య ప్రాక్టీస్ మ్యాచ్ పెడితే, అక్కడ మాత్రం కోచ్ కార్డు పద్ధతి మొత్తం ఆడించి చూద్దాం. ఎంత టైమ్ పోతోందో, పిల్లలు ఎలా తీసుకుంటారో రాసుకుని ఇక్కడ పెడతాను.

ఫోన్ గోల్ వెనక పెట్టొద్దు. సరిగ్గా గోల్ లైన్‌కు సూటిగా, కార్నర్ ఫ్లాగ్ బయట రెండు మీటర్ల దూరంలో, మనిషి కంటి ఎత్తులో ఉండాలి. పక్కకు జరిగితే జపాన్ గోల్ టీవీ బొమ్మల్లాగే చూసినవాళ్లందరూ తలోమాట అంటారు. గీత వేసే పని నాకు వదిలేయండి.

ఎనిమిది_సెకన్లు (జేఎన్‌టీయూ, అనంతపురం)
సార్, నేను వస్తా. ప్రాక్టీస్ మ్యాచ్‌లో ఒక గోల్‌లో నేనే నిలబడతా, 8 సెకన్ల లెక్క కూడా పెట్టండి. నా దగ్గర ఒక ట్రైపాడ్ ఉంది.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)
తేదీ చెప్పండి. కర్నూలు నుంచి పొద్దున బస్సుకు వచ్చేస్తా. ఇంకో ట్రైపాడ్ మా అబ్బాయి దగ్గరుంది, తెస్తాను. టైమ్ రాసే పని నాకివ్వండి. వీఏఆర్ వద్దనే నా మాట మాత్రం వెనక్కి తీసుకోవట్లేదు.

పీఈటీ_మేడం (కళ్యాణదుర్గం)
రెండో ఆదివారం, పొద్దున 7 గంటలకు. ఎండ ముదరకముందే అయిపోవాలి సార్. హెడ్మాస్టర్‌ను రేపు అడిగి ఇక్కడే చెప్తాను.